తోడు కోసం ఎవరి తలుపు తట్టాలి?

సంక్రాంతికని ఊరెళ్లి, అక్కడ పెద్దమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఉండిపోయి, పద్దెనిమిది రోజుల తర్వాత హైదరాబాదులో ఇల్లు చేరాం. ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన తోడు గిన్నె మూత తీస్తే పైన గులాబీ రంగు మచ్చలు. పారబోసి గిన్నె తోమాను. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, చిన్న గిన్నె పట్టుకుని చెంచాడు తోడు కోసం బయటికి వచ్చాను.

ఎదురింట్లో పెరుగుంది, కప్పుల్లో, స్ట్రాబెర్రీ వేసినది. పక్కింటి అమ్మాయి "ఆంటీ, ఆర్డర్ పెడితే పది నిమిషాల్లో వచ్చేస్తుంది, పెట్టేయనా?" అంటూ అప్పటికే ఫోను తీసింది. మంచి పిల్ల. పై అంతస్తులో ఉండే పెద్దావిడ "తోడా అమ్మా! ఆ మాట విని ఎన్నేళ్లయిందో" అని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది గానీ వాళ్లింట్లోనూ ప్యాకెట్టే. కోడలికి పొద్దున ఏడున్నరకే ఆఫీసు బస్సు. ఆవిడకేమో చేతులు వణుకుతాయి, పాలగిన్నె దించలేదు. ఇంకో రెండు తలుపులు తట్టాను. లేదు.

చివరికి కిందికి దిగి వాచ్‌మన్ గది దగ్గర నిలబడ్డాను. వాళ్లది నారాయణపేట వైపు. ఆయన భార్య జొన్నరొట్టె కాలుస్తోంది. సంగతి చెప్పగానే చేతులు కడుక్కుని, "సల్ల కావాల్నా మేడం, పెరుగు కావాల్నా? తోడుకైతే పెరుగే మంచిగుంటది" అంది. గది మూలనుంచి మూతపెట్టిన చట్టి తీసి, "గింత సాలుతదా?" అంటూ స్టీలు గ్లాసులో సగందాకా వేసింది. నాకు కావలసింది ఒక చెంచా.

మర్నాడు పొద్దున గిన్నె వంచినా కదలని పెరుగు. ఆ వారమంతా మాటల మధ్యలో అందరినీ అడిగి చూశాను. మా అపార్ట్‌మెంట్లో నలభై రెండు ఇళ్లు. ఇంట్లో పాలు తోడుపెట్టేవాళ్లం, వాచ్‌మన్ గదితో కలిపి, ఏడిళ్లవాళ్లం. ఆ ఏడిళ్లలో ఎవరింట్లో తోడుందో మిగతా ఆరిళ్లకీ తెలియదు.

పేరు కోసం పోట్లాడాం

2023 మార్చి గుర్తుందా? ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెరుగు ప్యాకెట్ల మీద 'దహీ' అని పెద్దగా వేసి, మన భాషల పేర్లు కావాలంటే పక్కన బ్రాకెట్లో వేసుకోమంది. తమిళనాడులో సహకార పాల సంస్థ ఆవిన్ ఒప్పుకోలేదు. అక్కడ ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ బహిరంగంగానే తప్పుబట్టారు. కర్ణాటకలోనూ జనం మండిపడ్డారు. మార్చి 30న సంస్థ దిగివచ్చింది. 'కర్డ్' అన్న మాట పక్కన దహీ, తయిర్, మొసరు, పెరుగు, ఎవరి మాట వాళ్లు వేసుకోవచ్చంది. ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. మా అబ్బాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇప్పుడు కూడా అది మంచి గెలుపే అంటాను. అయితే ఆ జనవరి సాయంత్రం ఖాళీ గిన్నెతో మెట్లు దిగుతున్నప్పుడు మరో సంగతి తోచింది. ప్యాకెట్ మీద 'పెరుగు' అన్న మాట నిలబడింది. 'తోడు' అన్న మాట ఇళ్లలోంచి వెళ్లిపోతోంది. దాని గురించి ఎవరూ ఉత్తరం రాయలేదు, నాతో సహా.

ప్యాకెట్ పెరుగు మీద కోపం ఉన్నవాళ్లు సాధారణంగా రెండు మాటలంటారు: రుచి లేదు, ఆరోగ్యం కాదు. ఆ రెంటితో నేను పూర్తిగా ఏకీభవించను, ఎందుకో కింద రాస్తాను. నా బాధ వేరు. తోడుపెట్టడం మానేసిన ఇల్లు ఇంకొకరికి తోడు ఇవ్వలేదు. ఇవ్వలేని ఇంటికి ఎవరూ అడగడానికి రారు. నాకు పెద్ద నష్టంగా కనిపిస్తున్నది ఈ రాకపోక ఆగిపోవడం.

ఆ మాటలోనే ఉంది

చెంచాడు పాత పెరుగుకు మనవాళ్లు పెట్టిన పేరు చూడండి. తోడు. చీకట్లో పక్కన నడిచే మనిషికి ఏ మాటో దీనికీ అదే మాట. కొన్ని వైపుల చేమిరి అంటారు, అదీ అందమైన మాటే. కానీ తోడు అన్నవాళ్లకు ఏదో తెలుసనిపిస్తుంది.

మంగోలియాలో పశువుల కాపరులు పాలను తోడుపెట్టే దాన్ని 'ఖోరొంగో' అంటారు. వాళ్ల భాషలో ఆ మాటకు ఆస్తి, పెట్టుబడి అని కూడా అర్థం. గుర్రాలు, ఆవులు, చమరీమృగాలు, ఒంటెలు, మేకలు, గొర్రెలు ఎన్ని ఉన్నా, పాలను ఆహారంగా నిలవచేసేది ఆ కాస్త పులుపే కాబట్టి దాన్ని ఆస్తి అన్నారేమో. గుర్రప్పాలను తోలుసంచిలో పోసి వేలసార్లు చిలికి 'ఐరగ్' అనే పుల్లటి పానీయం చేస్తారు. ఆ పద్ధతిని 2019లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

తుర్కియే (టర్కీ)లో తోడును 'మయా' అంటారు. మనిషి స్వభావాన్ని కూడా వాళ్లు మయా అనే అంటారు. ఎవరైనా బొత్తిగా మంచివాడు కాకపోతే 'వాడి మయా చెడింది' అంటారు, మనం 'పుట్టుకే అంత' అన్నట్టు. నస్రుద్దీన్ హోజా చెరువు గట్టున కూర్చుని నీళ్లలో గరిటెతో తోడు వేస్తున్న కథ అక్కడ చంటిపిల్లలకూ తెలుసు. 'చెరువు తోడుకుంటుందా?' అని అడిగితే 'ఒకవేళ తోడుకుంటే?' అన్నాడట. తోడు మీద అంత నమ్మకం.

మరి ఆ గిన్నెలో జరిగేదేమిటి? పెరుగు బాగా తోడుకోవడానికి ముఖ్యంగా రెండు రకాల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ముందు లేచి పాలలోని చక్కెరను తింటూ కొంచెం ఫార్మిక్ ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌కు ఆ రెండూ కావాలి. అది ఎదిగి పాలలోని మాంసకృత్తులను చిన్నచిన్న ముక్కలు చేస్తే, ఆ ముక్కలు మొదటిదానికి తిండి. విడివిడిగా పెట్టినా రెండూ బతుకుతాయి, కాని మెల్లగా. కలిపితే నాలుగైదు గంటల్లో పాలు గడ్డకడతాయి. మన ఇళ్లలోని తోడులో ఇవి రెండే కాదు, లాక్టోకాకస్ రకాలు, ఇంకా బోలెడన్ని కలిసి ఉంటాయి. ఇల్లు మారితే ఆ కలగలుపూ మారుతుంది. ఒకదానికొకటి తోడుంటేనే పాలు తోడుకుంటాయన్నమాట. సూక్ష్మదర్శిని పుట్టక ముందే ఆ పేరు పెట్టిన వాళ్లెవరో గానీ, వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఒక పల్లెటూరి కుండ

కంపెనీ పెరుగును ఎక్కడో ప్రయోగశాలలో పుట్టిన వేరే పదార్థంగా చూడటం నాకు ఇష్టం లేదు. దాని పుట్టిల్లు కూడా ఓ వంటగదే. బల్గేరియాలో స్తుదెన్ ఇజ్వోర్ అనే చిన్న ఊరు. స్తామెన్ గ్రిగొరోవ్ ఆ ఊరివాడు. జెనీవాలో వైద్యం చదువుతూ, ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. 1905లో, 27 ఏళ్ల వయసులో, అందులో కర్రపుల్లల్లా కనిపించే సూక్ష్మజీవిని గుర్తించాడు. తర్వాత దానికి వాళ్ల దేశం పేరే పెట్టారు. ఇప్పుడా ఊళ్లో పెరుగుకో మ్యూజియం ఉంది.

పారిస్ పాశ్చర్ సంస్థలో ఉన్న శాస్త్రవేత్త మెచ్నికోవ్ ఆ సంగతి పట్టుకున్నాడు. బల్గేరియా పల్లెల్లో ముసలివాళ్లు ఎక్కువ కాలం బతకడానికి పుల్లని పాలే కారణమని నమ్మి, ప్రచారం చేశాడు. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది (రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, పెరుగుకు కాదు). ఆ మాటలు విన్నవాళ్లలో థెస్సలొనీకిలో పుట్టి బార్సిలోనాలో స్థిరపడ్డ ఐజాక్ కరాసో ఒకడు. కడుపు జబ్బులతో బాధపడే పిల్లల కోసమని 1919లో పెరుగు తయారీ మొదలుపెట్టి, కొడుకు ముద్దుపేరు మీద డానోన్ అని పిలిచాడు. మొదట్లో దాన్ని అమ్మింది మందుల దుకాణాల్లో. జపాన్ సంగతి ఇంకా వింత. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో బల్గేరియా మండపంలో పెరుగు రుచి చూసి, మైజీ సంస్థ మరుసటి ఏడే ఉత్త పెరుగు అమ్మడం మొదలుపెట్టింది. 1973 నుంచి బల్గేరియా పేరుతోనే అమ్ముతోంది.

అంటే ఒక ఇంటి కుండలోని తోడు లోకమంతా తిరిగింది. ఈ కథ నాకెంతో ఇష్టం. ఒక్క చిక్కు మాత్రం ఉంది. కంపెనీలు వాడే తోడు ఇప్పుడు ఎండబెట్టిన పొడిగా పొట్లాల్లో వస్తుంది. ప్రతి విడతకూ కొత్త పొట్లం విప్పుతారు. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పెరుగుకు చుట్టరికం ఉండదు. ఆ పొట్లాలు తయారుచేసే పెద్ద సంస్థలు ప్రపంచం మొత్తానికి కొద్దే. వాటిలో ఒకటైన డెన్మార్క్ క్రిస్టియన్ హాన్సెన్ సంస్థ 1874లో పుట్టి, 2024 జనవరిలో నోవోజైమ్స్ అనే మరో సంస్థతో కలిసిపోయింది. మనకూ హర్యానాలో, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో సూక్ష్మజీవుల భాండాగారం ఉంది. అక్కడ శీతలంలో భద్రంగా ఉంటాయి. భద్రంగా ఉండటం మంచిదే. కానీ రాత్రి తొమ్మిదింటికి గిన్నె పట్టుకుని కర్నాల్ వెళ్లలేం.

అమ్మమ్మ కవ్వం అటకెక్కిన రోజు

ఇంతవరకూ చదివి, 'పాతకాలం బాగుండేది' అని చెప్పబోతున్నానని మీరనుకుంటే, మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

తెనాలి దగ్గర పల్లె. మూడు గేదెలు. తెల్లవారుజామున నాలుగింటికి కవ్వం చప్పుడుకి మెలకువ వచ్చేది. దాలిలో పిడకల సెగ మీద పొద్దంతా కాగిన పాలు ఎర్రగా మారి, పైన అరంగుళం మీగడ కట్టేవి. ఆ మీగడ పెరుగు, అడుగున గోకుడు, ఇవన్నీ నాకు తీపి జ్ఞాపకాలు. అమ్మమ్మకు అవి భుజం నొప్పి. ఊళ్లో పాలకేంద్రం వచ్చాక రెండు పూటలా పాలు అక్కడ పోయడం మొదలైంది. వెన్నశాతం చూసి పదిహేను రోజులకోసారి డబ్బులిచ్చేవాళ్లు, ఆమె చేతికే. అంతకుముందు ఆమె చేతిలో సొంత డబ్బు ఉండేది కాదు. మా చిన్న పిన్ని డిగ్రీ చదివింది ఆ పాల డబ్బులతోనే. కవ్వం అటకెక్కింది. దాని కోసం అమ్మమ్మ ఒక్కరోజైనా బెంగపెట్టుకోగా నేను చూడలేదు.

కాబట్టి ఇంట్లో పెరుగు తోడుపెట్టని ఆడవాళ్లను ఎవరైనా తక్కువచేసి మాట్లాడితే నేను ఊరుకోను. పొద్దున ఏడున్నరకు బస్సెక్కే కోడలికి ప్యాకెట్ పెరుగు పెద్ద సాయం. అమ్మమ్మకు దొరకని సాయం.

ఆరోగ్యం సంగతీ అంతే. సంప్రదాయం అన్నంత మాత్రాన మేలు అని గుడ్డిగా అనలేం. కెన్యాలో కలెంజిన్ జనం సొరబుర్రల్లో పాలు పులియబెట్టి 'ముర్సిక్' చేస్తారు. బుర్ర లోపల ప్రత్యేకమైన చెట్టు బొగ్గు రాస్తారు, పాలకు బూడిద రంగు వస్తుంది. పందేలు గెలిచి వచ్చిన పరుగువీరులకు విమానాశ్రయంలో ఆ బుర్రతోనే స్వాగతం. అంత గౌరవం ఉన్న పానీయంలో క్యాన్సర్‌కు కారణం కాగల అసిటాల్డిహైడ్ ఉందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. ఆ ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చని అనుమానించింది. నా ఫ్రిజ్‌లోని గులాబీ మచ్చల గిన్నె కూడా ఇంటి తోడే మరి. కంపెనీ పెరుగులో అలాంటివి రాకుండా చూసుకునే ఏర్పాట్లున్నాయి.

రుచి విషయంలో మాత్రం కొంచెం పేచీ పెడతాను. ప్యాకెట్ పెరుగునే తోడుగా వేసి చూశాను, వరసగా వారం రోజులు. మూడో రోజు దాకా బాగుంది. ఐదో రోజుకు జారుడుగా, పలచగా. పొట్లంలోని ఆ రెండు మూడు ఎంపిక చేసిన రకాలను ఒక్కసారి పనిచేయడానికి సిద్ధం చేస్తారు గానీ, తరతరాలు తమను తాము నిలబెట్టుకోవాలని కాదు. మన వంటింటి వేడి, మన పాలు, రోజూ కాస్త అటూఇటూ అయ్యే సమయం, వీటి మధ్య వాటి పొత్తు చెదిరిపోతుంది. వాచ్‌మన్ భార్య ఇచ్చిన తోడు అప్పటినుంచి నా వంటింట్లో ఎండాకాలం, వానాకాలం దాటింది.

'మా అమ్మమ్మ తోడు' అనేది నిజంగా ఉందా?

ఇక్కడ నన్ను చాలా రోజులు తొలిచిన అనుమానం ఒకటి రాయాలి. 'మా ఇంట్లో తోడు మా నానమ్మ కాపురానికి వచ్చినప్పటిది' అని గర్వంగా చెప్పేవాళ్లు ఉన్నారు. నేనూ చాలాకాలం అలాంటి మాటలు చెప్పాను. నిలబడి ఆలోచిస్తే అది పొసగదు. ఇళ్లలో తోడు తరచూ చెడిపోతుంది. ఊళ్లకు పోతాం, పిల్లలు గిన్నె ఊడ్చి తినేస్తారు, ఎండల్లో మరీ పులిసిపోతుంది. ఒకవేళ ఎప్పుడూ చెడకపోయినా, రోజూ కొత్త పాలు, కొత్త గిన్నె, కొత్త చేయి తగులుతుంటే అందులోని సూక్ష్మజీవుల లెక్క మారుతూనే ఉంటుంది. నానమ్మ పెరుగూ నా పెరుగూ ఒకటే అని ఎవరూ ప్రమాణం చేయలేరు.

మరి నిలిచేదేమీ లేనప్పుడు దేనికి నా ఆరాటం?

దీనికి జవాబు మా పిన్ని దగ్గర దొరికింది. 1980ల్లో పెళ్లై ఒహాయోలో చిన్న ఊరికి వెళ్లింది. అక్కడ దొరికే పెరుగు తియ్యగానో, జిగటగానో ఉండి ఆమెకు సహించలేదు. పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి గోరువెచ్చటి పాలలో వేసింది. తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులతో పాలు విరిగీ విరగనట్టు తోడుకున్నాయి. అది పారేసి, అందులో ఒక్క చెంచా మాత్రం తీసి మళ్లీ వేసింది. అలా మూడో నాలుగో విడతకు తినే పెరుగు వచ్చింది. (బల్గేరియా, తుర్కియే పల్లెల్లో ఎర్ర చీమలు వేసి తోడుపెట్టే పద్ధతి ఒకటి ఉండేది, చీమల్లోని ఆమ్లమూ సూక్ష్మజీవులూ అదే పని చేస్తాయి. తోడు లేని చోట మనుషులు దేన్నైనా అడుగుతారు.) ఆ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగింటికీ పిన్ని తోడు ఇచ్చింది. తమిళులకు, గుజరాతీలకు కూడా. ఎనిమిదేళ్ల తర్వాత ఇండియాకు వచ్చి వెళ్లేసరికి తన గిన్నె చెడిపోయింది. కారు తీసి నలభై మైళ్ల అవతల, తనే ఒకప్పుడు తోడిచ్చిన ఇంటికి వెళ్లి తెచ్చుకుంది. 'నాదే నాకు తిరిగొచ్చింది' అని ఇప్పటికీ చెబుతుంది.

తోడు వంశం ఏ ఒక్క ఇంటిదీ కాదని అప్పుడు అర్థమైంది. అది వీధిది. ఒక్కో గిన్నె చెడుతూనే ఉంటుంది, పక్క గిన్నె నిలబెడుతూ ఉంటుంది. మా ఊళ్లో దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు ఇవ్వకూడదనే పట్టింపు ఉండేది. అయినా సందె దాటాక వెనక దొడ్డి గుమ్మంలో 'అత్తా, కాస్త తోడుందా?' అన్న గొంతు వినిపించేది, అమ్మమ్మ ఇచ్చేది. పట్టింపును మించిన అవసరం అది. ఇవాళ ఇవ్వకపోతే రేపు ఎవరిని అడుగుతాం?

ఏడాదికి లక్షలాది చక్రాలు తయారయ్యే సరుకుకి కూడా ఈ పద్ధతి పనికొస్తుందని ఇటలీ చూపిస్తోంది. పార్మిజానో రెజ్జానో చీజ్ ఒక్కో చక్రం 40 కిలోల దాకా తూగుతుంది, కనీసం 12 నెలలు మాగాలి. అంత ఖరీదైన సరుకులో తోడుగా వేసేది ఏమిటో తెలుసా? ముందురోజు చీజ్ తీయగా మిగిలిన విరుగుడు నీళ్లు. రాత్రంతా పులియనిచ్చి మర్నాటి పాలలో కలుపుతారు. పొట్లం తోడు వాడకూడదని వాళ్ల నియమావళిలోనే ఉంది. పేరును కాపాడుకునే చట్టంలోకి తోడును కూడా చేర్చుకున్నారు వాళ్లు. మనం 2023లో పేరు దగ్గరే ఆగిపోయాం.

ముంత దాచిన చేయి

తోడు అడగడం, ఇవ్వడం అంటే అంతా ప్రేమే అన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది. 'చల్లకొచ్చి ముంత దాచినట్టు' అని మనమంతా వాడే సామెతే సాక్షి. పాడి లేని ఇళ్లవాళ్లు పాడి ఉన్న ఇంటికి ముంత పట్టుకుని వెళ్లేవాళ్లు. చల్ల అమ్మకూడదు, ఊరికే పోయాలి అన్నది ధర్మం. కానీ వచ్చినవాళ్లు ముంతను కొంగు చాటున ఎందుకు దాచుకున్నారు? చిన్నప్పుడు ఆ సామెత నాకు మొహమాటం గురించిన మాటగానే తెలుసు. పెద్దయ్యాక మా అమ్మమ్మ వాకిట్లోనే చూసింది గుర్తొచ్చింది. కొందరికి చల్ల వంటింటి గుమ్మం దాకా వస్తే పోసేది. కొందరికి పశువుల కొట్టం దగ్గరే, పైనుంచి, ముంతకు గరిటె తగలకుండా. పొలంలో మా వరి కోసిన చేతులే అవి. వాళ్లు అమ్మమ్మను ఎప్పుడూ తోడు అడగలేదు. అడగడానికి వాళ్ల ఇళ్లలో తోడుపెట్టేన్ని పాలే ఉండేవి కావు.

ప్యాకెట్ పెరుగు ఈ లెక్కను చెరిపేసింది. పది రూపాయలుంటే ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు, చేయి చాచక్కర్లేదు. ఇది చిన్న సంగతి కాదు. నా వాదన మొత్తానికి నాకు ఎదురైన గట్టి ప్రశ్న ఇదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని దిగింది నేను, నిండుగా ఇచ్చింది పదడుగుల గదిలో ఉండే మనిషి. ఇచ్చేవాళ్లెవరు, పుచ్చుకునేవాళ్లెవరు అన్నది తారుమారైనా తోడు తోడే. పాత వాకిళ్ల అవమానం లేకుండా ఈ రాకపోకలు ఉండవచ్చని నాకు ఆ గది ముందే అనిపించింది.

ఆమె గ్లాసును ఖాళీగా ఎలా తిరిగిస్తాం? ఊరినుంచి తెచ్చిన అరిసెలు రెండు పెట్టి ఇచ్చాను. వారం తిరక్కుండా అదే గ్లాసులో పచ్చిపల్లీలు వచ్చాయి. తర్వాత నేను ఆవకాయ పెట్టి పంపాను. గ్లాసు అలా తిరుగుతూనే ఉంది. ఈలోగా పక్కింటి అమ్మాయి ఓ రాత్రి వచ్చి, 'ఆంటీ, మీ పెరుగు ఎలా వస్తుందో నాకూ నేర్పండి' అంది. పాలలో వేలు పెట్టి వేడి చూడటం నేర్పాను. పదంకెలు లెక్కపెట్టేదాకా వేలు ఉంచగలిగితే చాలు, థర్మామీటర్ అక్కర్లేదు. మొదటిసారి వేడి ఎక్కువై విరిగింది, రెండోసారి కుదిరింది. పైఅంతస్తు పెద్దావిడకు నేనే గిన్నెలో తోడుపెట్టి ఇస్తున్నాను, దించే పని లేకుండా. ఏడిళ్లు కాస్తా పదకొండయ్యాయి. అందరి గిన్నెల్లోనూ ఆ నారాయణపేట తోడే.

జూన్‌లో అపార్ట్‌మెంట్ సంఘం కాపలా పనిని ఓ ఏజెన్సీకి ఇచ్చింది. నేను ఆఫీసులో ఉన్న పూట వాళ్లు సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు. మియాపూర్ వైపు ఎక్కడో కట్టుబడి దగ్గర పని దొరికిందని ఇస్త్రీ అబ్బాయి చెప్పాడు. ఫోన్ నంబరు కలవడం లేదు. అలాంటి చోట్ల ఫ్రిజ్ ఉండదు, పాలు కాచుకునే వీలుందో లేదో. వెళ్లేటప్పుడు తోడు తీసుకెళ్లిందో లేదో తెలియదు. స్టీలు గ్లాసు మాత్రం ఈసారి నా వంతున నా ఇంట్లో ఆగిపోయింది. కడిగి, తోడు గిన్నె పక్కనే పెట్టాను.